ఎడమ మలుపులో గుర్రం లోపలికి పడిపోతోంది, పగ్గాలు లాగితే ఇంకా పరిగెడుతోంది. ఏం ఎక్సర్‌సైజులు చేయాలి?

కొత్తరౌతు_హైద
హైదరాబాద్ శివార్లలో ఒక రైడింగ్ స్కూల్లో ఎనిమిది నెలలుగా నేర్చుకుంటున్నాను. వారానికి మూడు రోజులు, పొద్దున్న ఆరింటికి క్లాసు. నాకిచ్చేది బిజిలీ అనే ఆడగుర్రం. తొమ్మిదేళ్లది, రేసుల నుంచి రిటైరైన థరోబ్రెడ్ జాతి గుర్రం. కరవదు, తన్నదు. కింద ఉన్నంతసేపూ నా భుజం మీద మూతి పెట్టుకుని నిలబడుతుంది.

ఎక్కాక వేరే గుర్రం అయిపోతుంది. కుడివైపు తిరిగితే పరవాలేదు. ఎడమవైపు 20 మీటర్ల సర్కిల్ మొదలుపెడితే సగం తిరిగేసరికి అది 15 మీటర్లు అయిపోతుంది. బైకు మలుపులో వాలినట్టు భుజం లోపలికి వాల్చేస్తుంది. ట్రాట్‌లో, అంటే నడక కంటే వేగమైన చిన్న పరుగులో, నిదానించమని పగ్గాలు లాగితే ఇంకా వేగం పెంచుతుంది. "గట్టిగా లాగు, ఎవరు చెప్తే ఎవరు వినాలో దానికి తెలియాలి" అంటారు మా ట్రైనర్. లాగి లాగి చేతులు పడిపోతున్నాయి. నిన్న క్యాంటర్‌లోకి, అంటే ట్రాట్ కంటే వేగమైన పరుగులోకి, వెళ్లేటప్పుడు ముందుకు తూలి దాని మెడ పట్టుకున్నాను. పడలేదు కానీ ఇంటికొచ్చాక ఏడుపొచ్చింది. నేను చెప్పేది దానికి చేరట్లేదు, అది చెప్పేది నాకు తెలియట్లేదు.

ఇద్దరికీ పనికొచ్చే ఎక్సర్‌సైజులు ఏమైనా ఉంటే చెప్పండి. గుర్రం మార్చుకోమని మాత్రం అనకండి.

గిట్టలచప్పుడు
రేసు గుర్రానికి చిన్నప్పటినుంచి నేర్పేదే అది. పగ్గం బిగిసిందంటే దాన్ని ఆనుకుని పరిగెత్తాలి. మీరు లాగుతున్నారు, అది నేర్చుకున్న పాఠం అప్పజెబుతోంది. మాట వినకపోవడం కాదు, బాగా వింటోంది.

సవారీ_తాత
పోలీసు గుర్రాల దళంలో 27 ఏళ్లు పనిచేశాను. గోషామహల్ లాయంలో నేను ఎక్కని గుర్రం లేదు. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందని పెద్దలు ఊరికే అనలేదు. చేయి గట్టిగా ఉండాలి. ఒకసారి చెప్పి వదిలేస్తే రేపటినుంచి అది చెప్పినట్టు నువ్వు వినాల్సి వస్తుంది తల్లీ.

మ్యూనిక్_మాధవి
తాతగారూ, మీ అనుభవం ముందు నాది ఎంత. అయినా ఒక్క మాట. సామెతలో మెత్తన అన్నది చేతి గురించి అని నేను అనుకోను. మెత్తన అయితే తిప్పలు తెచ్చేది నడుము. గుర్రం మీద మూటలా కూర్చుంటే అది మూడు కాళ్ల మీదే నడుస్తుంది, ఆ మూట ఎటు ఒరిగితే అటు అది కూడా ఒరగాలి మరి.

నేను ఇక్కడ జర్మనీలో 34 ఏళ్ల వయసులో మొదలుపెట్టాను. మొదటి రెండు నెలలు నాకు పగ్గాలు ఇవ్వలేదు. టీచర్ మధ్యలో నిలబడి పొడవాటి తాడు మీద గుర్రాన్ని చుట్టూ తిప్పేది, నేను చేతులు చాపుకుని పైన కూర్చునేదాన్ని. చాలా కోపం వచ్చేది, డబ్బులు కట్టింది ఊరికే కూర్చోవడానికా అని. ఆరో వారంలో అనుకుంటా, గుర్రం ట్రాట్ నుంచి నడకలోకి వచ్చేసింది. ఎవరూ ఏమీ అనలేదు. "ఇప్పుడు నువ్వు ఊపిరి వదిలావు, అందుకే నెమ్మదించింది" అంది టీచర్. ఆ రోజు నాకు మొదటిసారి తెలిసింది, నేను నోరు మూసుకుని ఉన్నా నా ఒళ్లు దానితో మాట్లాడుతూనే ఉందని.

ఇక్కడ గుర్రానికి నేర్పే పద్ధతిలో ఆరు మెట్లు చెప్తారు. మొదటిది అడుగుల లయ. రెండోది ఒంట్లో బిగువు లేకపోవడం. కళ్లెంతో నిలకడైన స్పర్శ వచ్చేది మూడో మెట్టులో. ఆ తర్వాత ఊపు, వంకర లేని నడక, చివరికి బరువు వెనక కాళ్ల మీదికి తెచ్చుకోవడం. మీ బిజిలీకి ఇంకా మొదటి మెట్టే కుదరలేదు, మీరేమో మూడో మెట్టు దగ్గర గుంజుతున్నారు.

నల్లజూలు
మాధవి గారు చెప్పినదానికి ఒక మాట కలుపుతాను. గుర్రం చేత లయగా నడకలు, మలుపులు చేయించి చూపించే డ్రెస్సాజ్ పోటీల్లో రౌతు గొంతు వాడకూడదు. నాలుకతో చిన్న శబ్దం చేసినా మార్కులు పోతాయి. 2023 సెప్టెంబరు 26న హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్‌లో మనవాళ్లు టీమ్ స్వర్ణం గెలిచినప్పుడు నేను రెండుసార్లు చూశాను. సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగ్, హృదయ్ ఛేడా, అనుష్ అగర్వల్లా. గుర్రపు స్వారీలో మనకి 41 ఏళ్ల తర్వాత వచ్చిన స్వర్ణం అది. ఆ నలుగురి చేతులు చూడండి, దాదాపు కదలవు. అంతా నడుము, కాళ్లు, ఊపిరి.

పశువైద్యుడు_తిరుపతి
ఎక్సర్‌సైజులకి ముందు గుర్రానికి నొప్పి లేదని తేల్చుకోండి. ఒకవైపే ఇబ్బంది పడుతోందంటే నా మొదటి అనుమానం నొప్పి మీదే.

గుర్రం పళ్లు జీవితాంతం బయటికి వస్తూనే ఉంటాయి. అంచులు పదునెక్కి బుగ్గ లోపల గీసుకుంటాయి. అలాంటప్పుడు కళ్లెం లాగితే తల విదిలించి పరుగందుకుంటుంది. ఏడాదికి ఒకసారైనా పళ్లు చూపించి ఆ అంచులు అరగదీయించాలి. రెండోది జీను. స్కూలు గుర్రాలకి ఒకే జీను నాలుగు గుర్రాలకి మార్చి మార్చి వేస్తారు. జీను తీసిన వెంటనే వీపు చూడండి, చుట్టూ చెమట పట్టి ఒక చోట మాత్రం పొడిగా ఉంటే అక్కడ నొక్కుతోందేమో చూపించాలి. వెన్ను పక్కన అరచేతితో నెమ్మదిగా నొక్కుకుంటూ వెళ్లండి, ఎక్కడైనా కుంగి చెవులు వెనక్కి పెడితే ఆ చోటు గుర్తుపెట్టుకోండి.

మూడోది కడుపు. రేసుల్లో తిరిగిన గుర్రాలకి కడుపులో పుండ్లు చాలా మామూలు. గుర్రం కడుపులో ఆమ్లం రోజంతా ఊరుతూనే ఉంటుంది, అందుకే అది పొద్దస్తమానం మేస్తూ ఉండాలి. మనమేమో రాత్రి దాణా పెట్టి పొద్దున్న ఖాళీ కడుపుతో జీను వేస్తాం. ఎక్కడానికి ముందు రెండు గుప్పిళ్లయినా ఎండుగడ్డి తిననివ్వండి.

కొత్తరౌతు_హైద
డాక్టర్ గారూ, పళ్లు ఆరు నెలల క్రితం చూశారట, వచ్చే వారం మళ్లీ చూపిస్తామన్నారు. వీపు నొక్కి చూశాను, ఎక్కడా కుంగలేదు. జీను దానిదే, వేరే గుర్రానికి వాడరు. గడ్డి సంగతి గుర్రాన్ని చూసుకునే సైసుతో మాట్లాడతాను.

గిట్టలచప్పుడు గారూ, "బాగా వింటోంది" అన్న మాట నిన్నటినుంచి తలలో తిరుగుతోంది.

కోచ్_బెంగళూరు
మాది అనంతపురం, ఇక్కడ పిల్లలకి నేర్పుతాను. నా దగ్గరికి వచ్చే గుర్రాల్లో సగం రేసుల నుంచి వచ్చినవే. మీరు చెప్పిన లక్షణాలు వారానికి ఒకసారైనా చూస్తాను.

మొదటి వారం ట్రాట్ మర్చిపోండి. నడకలోనే చేయాలి. 20 మీటర్ల సర్కిల్‌కి నాలుగు వైపులా నాలుగు కోన్లు పెట్టండి, గడియారంలో 12, 3, 6, 9 ఉన్నట్టు. కోన్లు లేకపోతే ఇటుకలు వద్దు, గుర్రం తొక్కితే కాలికి దెబ్బ. పాత ప్లాస్టిక్ బకెట్లు బోర్లించండి. సర్కిల్ మొత్తం గురించి ఆలోచించకండి, ఒక కోన్ నుంచి తర్వాతి కోన్‌కి వెళ్లడమే మీ పని. ఒక కోన్ దాటకముందే మీ చూపు తర్వాతి దాని మీద ఉండాలి. చూపు తిరిగితే మెడ, భుజాలు, నడుము వాటంతట అవే తిరుగుతాయి. ఆ తిరగడమే గుర్రానికి కబురు.

ప్రతి కోన్ దగ్గరా ఆపండి. ఎలా ఆపాలంటే, ముందు ఊపిరి నెమ్మదిగా వదలండి. తర్వాత దాని నడకతో ఊగుతున్న మీ నడుముని ఊగకుండా నిలపండి. అప్పటికీ ఆగకపోతే, చివరగా, వేళ్లు మూయండి. తడిగుడ్డలో నీళ్లు పిండినట్టు, అంతే. మోచేయి వెనక్కి రాకూడదు. ఆగిన క్షణంలో వేళ్లు వదిలేయాలి. దానికి బహుమతి అదే. వదలడం ఆలస్యమైతే ఎందుకు ఆగాలో దానికి తెలియదు. మూడు నాలుగు క్లాసులయ్యేసరికి మీరు వేళ్లదాకా రాకముందే ఆగడం మొదలవుతుంది. నమ్మండి.

అది కుదిరాక స్పైరల్. 20 మీటర్ల నుంచి నెమ్మదిగా లోపలికి తగ్గించుకుంటూ 12 మీటర్లదాకా రండి. అక్కడినుంచి లోపలి కాలితో పొట్టకింద పట్టీ దగ్గర తాకుతూ మళ్లీ 20కి తోయండి. లోపలికి రావడం మీ బిజిలీకి వచ్చు, అది రోజూ చేస్తున్నదే. బయటికి వెళ్లడంలోనే మందు ఉంది. లోపలి కాలు, బయటి పగ్గం, ఈ జత గుర్తుపెట్టుకోండి. లోపలి పగ్గం లాగితే మెడ వంగుతుంది, భుజం మాత్రం ఇంకా లోపలికి పడుతుంది.

టెక్సస్_తెలుగోడు
మా దగ్గర క్వార్టర్ హార్సులు, వెస్టర్న్ జీను, పగ్గాలు ఒక చేతిలో. పద్ధతి వేరు కానీ విషయం ఇదే. మా రాంచ్ పెద్దాయన ఒక పని చేయించేవాడు. నడకలో కళ్లు మూసుకుని, గుర్రం వెనక కాళ్లలో ఏది ముందుకి వస్తోందో పైకి చెప్పాలి. ఎడమ, కుడి, ఎడమ, కుడి అని. పక్కనుంచి ఇంకొకరు చూసి తప్పో ఒప్పో చెప్తారు.

కిటుకు ఏంటంటే, ఎడమ వెనక కాలు ముందుకి వచ్చేటప్పుడు పొట్ట కుడివైపుకి ఊగుతుంది, మీ ఎడమ పిర్ర కొంచెం కిందికి దిగుతుంది. మొదటిరోజు నాకు పదిలో మూడే వచ్చాయి. నెలకి పదికి తొమ్మిది. ఇది ఎందుకంటే కాలు గాలిలో ఉన్నప్పుడే దాన్ని ఎక్కడ వేయాలో మార్చుకోగలదు. నేల మీద ఆనిన కాలికి మీరు ఎంత చెప్పినా ఏం చేయగలదు పాపం.

కోచ్_బెంగళూరు
టెక్సస్ అన్నది నూటికి నూరు పాళ్లు నిజం. స్పైరల్‌లో కాలు ఎప్పుడు తాకించాలో దీనితోనే తెలుస్తుంది. లోపలి వెనక కాలు లేచేటప్పుడు.

సవారీ_తాత
మీరంతా బాగా చదువుకున్నవాళ్లు, బాగా చెప్తున్నారు. నేను చేయి గట్టిగా ఉండాలన్నాను, పీకమనలేదు. నిలకడగా ఉండాలని. మా ఉస్తాద్ మాకు పగ్గం వేళ్లలో ఒక కోడిపిల్లని పట్టించినట్టు పట్టించేవాడు. నలిగిపోకూడదు, ఎగిరిపోకూడదు.

అది సరే. కొత్తరౌతు తల్లీ, నీ రికాబులు, అదే జీనుకి తోలుపట్టీలతో వేలాడే పాదం పెట్టే కడియాలు, ఎప్పుడైనా కొలిచావా? జీను మీదినుంచి తీసి, రెండు తోలుపట్టీలు పక్కపక్కన పెట్టి చూడు. బెజ్జాల లెక్క కాదు, పొడవు చూడు. మనం ఎప్పుడూ గుర్రానికి ఎడమపక్కనుంచే ఎక్కుతాం. రోజుకి పదిమంది ఆ ఎడమ రికాబులో ఒళ్లంతా వేసి ఎక్కుతారు. తోలు సాగుతుంది. లాయంలో మేము నెలకోసారి ఎడమది కుడికి, కుడిది ఎడమకి మార్చేవాళ్లం.

మ్యూనిక్_మాధవి
తాతగారూ, దండం. ఇది నాకెందుకు తట్టలేదు.

చిన్ని_అమ్మ_వైజాగ్
మా పాపకి 11 ఏళ్లు, పోనీ మీద నేర్చుకుంటోంది. వాళ్ల టీచర్ ఈ వారం నుంచి రికాబులు తీసేసి చేయిస్తానన్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. పడిపోదా? బ్యాలెన్స్‌కి అది తప్పనిసరా?

మ్యూనిక్_మాధవి
తాడు మీద, టీచర్ చేతిలో గుర్రం ఉంటే భయం లేదు. వియన్నాలోని స్పానిష్ రైడింగ్ స్కూల్లో కొత్తగా చేరినవాళ్లని ఇప్పటికీ అలాగే మొదలుపెడతారు, తాడు మీద, రికాబులు లేకుండా, పగ్గాలు లేకుండా. దానికి వాళ్లు ఎంచుకునేది బాగా అనుభవమున్న ముసలి మగగుర్రాలని. గురువు గుర్రమే.

కోచ్_బెంగళూరు
ఇక్కడ నేను కొంచెం విభేదిస్తాను. వియన్నాలో గుర్రాలు వేరు, నేర్పేవాళ్లు వేరు. మన దగ్గర అరగంట సేపు రికాబులు లేకుండా ట్రాట్ చేయిస్తున్నారు. పిల్లలు పడిపోకుండా మోకాళ్లతో బిగించి పట్టుకుంటారు. బిగించిన మోకాలు మనిషిని పైకి నెడుతుంది, ఎగిరెగిరి గుర్రం వీపు మీద పడతారు. అది గుర్రానికి శిక్ష. పాపకి వచ్చేది బ్యాలెన్స్ కాదు, బిగపట్టడం.

నడకలో ఐదు నిమిషాలు, ట్రాట్‌లో ఒకటిన్నర రౌండ్, మళ్లీ రికాబులు. అలసిపోకముందే ఆపాలి. చేతికి పట్టుకోవడానికి గుర్రం మెడకి ఒక తోలుపట్టీ కట్టమని అడగండి, తూలినప్పుడు కళ్లెం మీద వేలాడకుండా దాన్ని పట్టుకుంటుంది. గడ్డం కింద పట్టీ బిగించిన హెల్మెట్ లేకపోతే అసలు ఎక్కించకండి.

మ్యూనిక్_మాధవి
ఎక్కువసేపు వద్దన్నది ఒప్పుకుంటాను. నేను కూడా మొదట్లో మోకాళ్లు బిగించేదాన్ని, తొడలు నలిగిపోయి మెట్లు దిగలేకపోయేదాన్ని. కానీ అసలు వద్దనడం మాత్రం ఒప్పుకోను. రికాబు ఉన్నంతకాలం పాదం మీద నిలబడి తప్పించుకోవచ్చు. లేనప్పుడే కూర్చోవడం వస్తుంది.

కోచ్_బెంగళూరు
వద్దనలేదు మాధవి గారూ. కొద్దికొద్దిగా అన్నాను. పాపలకి దానికంటే ఇంకోటి బాగా పనిచేస్తుంది. రికాబులు ఉంచే, ట్రాట్‌లో మామూలుగా లేచి కూర్చోవడానికి బదులు రెండు అడుగులు లేచి ఉండి, మూడో దానికి కూర్చోవాలి. పైకి, పైకి, కిందికి. పైన ఆగడానికి కాలి మడమ కిందికి దిగక తప్పదు, పగ్గం పట్టుకుని వేలాడితే కుదరదు. ఎక్కడ తూలుతున్నారో వాళ్లకే తెలిసిపోతుంది. పిల్లలు పాటలా పాడుకుంటూ చేస్తారు.

చిన్ని_అమ్మ_వైజాగ్
చాలా థాంక్స్. మెడపట్టీ గురించి టీచర్‌తో మాట్లాడాను, వెంటనే కట్టారు. పైకి పైకి కిందికి అని ఇంట్లో సోఫా చేయి మీద కూర్చుని ప్రాక్టీస్ చేస్తోంది.

కొత్తరౌతు_హైద
తాతగారూ! రికాబులు తీసి కొలిచాను. బెజ్జం రెండిటికీ ఏడోదే. కానీ ఎడమ పట్టీ కుడిదానికంటే ఒక అంగుళం పొడుగుంది!! ఎనిమిది నెలలు నేను ఎడమ కాలు చాపి, ఎడమపక్కకి ఒరిగి కూర్చున్నానన్నమాట. చెల్లి చేత వెనకనుంచి వీడియో తీయించాను. నా చొక్కా మధ్య కుట్టు, బిజిలీ తోక ఒకే గీతలో ఉండాలి కదా, కుట్టు ఎడమవైపుకి పక్కకి పోయి ఉంది. కుడి పక్కటెముకల దగ్గర చొక్కా సాగి ఉంది, ఎడమపక్క ముడతలు పడి ఉంది.

పాపం అది ఎడమవైపు పడిపోవడం కాదు. నేను అటు ఒరిగిపోతుంటే నా కిందికి వచ్చి నన్ను మోస్తోంది. నాకు చాలా బాధగా ఉంది.

సవారీ_తాత
బాధపడకు. కొత్త పట్టీలు వేయించు. తోలు నాణ్యమైనదైతే ఐదారేళ్లు ఉంటాయి. ఇకనుంచి ఎక్కడానికి ఎత్తుపీట వాడు. దానివల్ల నీకూ మంచిది, దాని వెన్నుకీ మంచిది. అప్పుడప్పుడు కుడిపక్కనుంచి ఎక్కడం కూడా అలవాటు చేయి. మొదట్లో అది తెల్లబోయి చూస్తుంది, నెమ్మదిగా చేయి.

పశువైద్యుడు_తిరుపతి
పట్టీలు సరిచేశాక కూడా మీ ఒళ్లు అటే ఒరుగుతుంది, అలవాటు పడింది కాబట్టి. సమంగా కూర్చుంటే మీకే కుడికి ఒరిగినట్టు అనిపిస్తుంది. నమ్మాల్సింది వీడియోని.

నల్లజూలు
నాకూ ఇదే జబ్బు, కాకపోతే కుడివైపు. నేల మీద చేసేది ఒకటి చెప్తాను. రోజూ పళ్లు తోముకునేటప్పుడు ఒక కాలి మీద నిలబడతాను, సగం ఎడమకాలి మీద, సగం కుడికాలి మీద. మొదటి వారం కుడికాలి మీద రెండు నిమిషాలు రాయిలా నిలబడ్డాను, ఎడమకాలి మీద పది సెకన్లు నిలవలేకపోయాను. గుర్రం మీద నేను చేస్తున్నదంతా బాత్రూమ్‌లోనే కనబడింది.

గిట్టలచప్పుడు
తల కూడా చూసుకోండి. మనిషి తల దాదాపు ఐదు కిలోలు. గుర్రం మెడ చూస్తూ వంగి కూర్చుంటే ఆ ఐదు కిలోలు దాని ముందు కాళ్ల మీదే. క్యాంటర్‌లో ముందుకి తూలింది అందుకే అయ్యుంటుంది.

కొత్తరౌతు_హైద
మూడు వారాలైంది, రిపోర్టు ఇద్దామని వచ్చాను.

మొదటి వారం కోచ్ గారు చెప్పినట్టు నడక మాత్రమే. నాలుగు బకెట్లు పెట్టాను. పక్కన పిల్లలంతా క్యాంటర్ చేస్తుంటే నేను బకెట్ల చుట్టూ నడిపిస్తున్నానని చిన్నతనంగా అనిపించింది. మూడో రోజు రెండో బకెట్ దగ్గర ఊపిరి వదిలాను, నడుము నిలిపాను, వేళ్లు మూయలేదు. ఆగిపోయింది. చెవులు రెండూ వెనక్కి నా వైపు తిప్పి, నోరు చప్పరించింది. నేను దాని మెడ మీద పడి వాటేసుకున్నాను. సైసు నాకు దెబ్బ తగిలిందనుకుని పరిగెత్తుకొచ్చాడు.

వెనక కాళ్ల లెక్క మొదటిరోజు పదికి నాలుగు, ఇప్పుడు ఏడు. చెల్లి పక్కన నడుస్తూ చూస్తుంది.

రెండో వారం స్పైరల్ నడకలో, మూడో వారం ట్రాట్‌లో. ట్రాట్‌లో పరుగందుకోవడం సగం పైగా తగ్గింది. అది వేగం పెంచినప్పుడు నేను లాగకుండా, నేను లేచి కూర్చునే వేగాన్నే తగ్గిస్తున్నాను. రెండు మూడు అడుగుల్లో నా లెక్కకి వచ్చేస్తుంది. ఇది ఎవరూ చెప్పలేదు, అనుకోకుండా దొరికింది. సరైనదేనా?

ట్రైనర్ గారికి వీడియో, పట్టీలు చూపించాను. ఆయన ఏమీ అనలేదు కానీ మర్నాడు మిగతా గుర్రాల పట్టీలన్నీ కొలిపించారు.

కోచ్_బెంగళూరు
చాలా సరైనది. మీ లేవడమే దానికి తాళం. ఇక దుంగలు మొదలుపెట్టొచ్చు. నాలుగు దుంగలు నేల మీద, ట్రాట్‌కి ఒకదానికొకటి 1.3 మీటర్ల దూరంలో. మొదట ఒక్కటే దాటించండి, తర్వాత రెండు దూరం దూరంగా, తర్వాత నాలుగు. ముందే నాలుగు పెడితే రేసు గుర్రం దూకుదామని చూస్తుంది. అది దూరం చూసుకుని కాళ్లు ఎత్తి వేస్తుంది కాబట్టి పరుగు తనంతట తానే తగ్గుతుంది. మీరు చేయాల్సింది దాని మెడకి దారివ్వడం, చేతులు కొంచెం ముందుకి. దుంగలు దొర్లకుండా రెండు చివర్లా కట్టు వేయండి. గుండ్రటి దుంగ మీద కాలు పడితే బెణుకుతుంది.

టెక్సస్_తెలుగోడు
చెవులు తిప్పి నోరు చప్పరించింది అన్నారే, ఆ ముక్క చదివి మా ఆవిడకి చదివి వినిపించాను. ఏ గుర్రం దగ్గరైనా నాకు అన్నిటికంటే ఇష్టమైన క్షణం అది.

కొత్తరౌతు_హైద
ఒక్కటి మిగిలింది. మొన్న రాత్రి వాన పడి ఇసుక తడిగా ఉంది. రెండు వైపులా సర్కిల్ చేసి, దిగి గిట్టల గుర్తులు చూశాను. కుడివైపుది పళ్లెంలా గుండ్రంగా ఉంది. ఎడమవైపుది కోడిగుడ్డు. అంతా కాదు, గేటుకి దూరంగా ఉన్న వైపు మాత్రం నొక్కేసినట్టు చదునుగా ఉంది. పట్టీలు సరే, నేను నిటారుగానే ఉన్నాను, వీడియోలో చూశాను. మరి ఇదేంటి?

మ్యూనిక్_మాధవి
చదును గేటుకి దూరంగా ఉన్న వైపా? అయితే ఒక పని చేయండి. అదే సర్కిల్ మైదానం రెండో చివర, గేటు ఇంకో పక్కకి వచ్చేటట్టు చేసి చూడండి. చదును అక్కడే ఉంటే మీ ఒంట్లో ఏదో ఉంది. చదును గేటుని బట్టి మారితే బిజిలీ మనసు గేటు దగ్గర ఉంది.

కొత్తరౌతు_హైద
ఇవాళ చేశాను. మారింది. ఎక్కడ చేసినా గేటుకి దూరంగా ఉన్న వైపే లోపలికి కోసేస్తోంది. ఎడమవైపు తిరిగేటప్పుడే ఎక్కువ.

గిట్టలచప్పుడు
గేటు అవతల ఏముంది?

కొత్తరౌతు_హైద
దాణా గది. ఆరున్నరకి సైసు అక్కడే బకెట్లు సిద్ధం చేస్తాడు, చప్పుడు వినిపిస్తుంది.

పశువైద్యుడు_తిరుపతి
ఎక్కేముందు గడ్డి పెట్టమన్నాను కదా, పెడుతున్నారా?

కొత్తరౌతు_హైద
సైసుతో చెప్పాను సార్, సరేనన్నాడు. కానీ నేను వెళ్లేసరికి ఎప్పుడూ జీను వేసి సిద్ధంగా ఉంటుంది. తిన్నదో లేదో చూడలేదు. రేపటినుంచి ఐదున్నరకే వెళ్లి నేనే పెడతాను.